విరహగీతానికి జాతి ఉంటుందా? – ఒక అమెరికన్ పాట చరిత్ర

విఫలప్రేమను పాడే పాటకు సామాజిక చరిత్ర ఉండదన్న అభిప్రాయం మన సాహిత్యలోకంలో రెండు వైపుల నుంచీ వినవస్తుంది. విడిపోయిన ప్రియురాలి కోసం ఒక మనిషి పడే వేదన పూర్తిగా వ్యక్తిగతమనీ, దానిని వర్గాలతోనూ ఉత్పత్తి సంబంధాలతోనూ ముడిపెట్టడం మొరటుతనమనీ శుద్ధ కళావాదులు అంటారు. అది వ్యక్తిగతం కనుకనే పలాయనవాదమనీ, అభ్యుదయ విమర్శకు దానితో పనిలేదనీ మనలో కొందరు అంటారు. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు వాదాలకూ పునాది ఒక్కటే. ఇద్దరూ విరహాన్ని చరిత్రకు వెలుపల నిలబెడుతున్నారు. ఒకరు పూజించడానికి, మరొకరు పారవేయడానికి.

ఈ పునాది ఎంత బలహీనమైనదో చూపడానికి ఒక పాట చరిత్రను తీసుకుంటాను. అమెరికాలో 'కంట్రీ' అని పిలిచే పల్లె సంగీతశాఖలో 1957లో పుట్టి, 1962లో లోకమంతటా మారుమోగిన పాట అది. పేరు 'ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ'. నిన్ను ప్రేమించడం మానలేకపోతున్నాను అని దాని అర్థం. రాసినవాడు తెల్లజాతి శ్రామిక కుటుంబంలో పుట్టిన డాన్ గిబ్సన్. దానిని ఖండాంతరాలకు చేర్చినవాడు నల్లజాతికి చెందిన అంధ గాయకుడు రే చార్ల్స్. ఒకరి గొంతు నుంచి మరొకరి గొంతుకు చేరడానికి ఈ పాట దాటవలసి వచ్చిన గోడ ఏమిటి, దానిని ఎవరు కట్టారు అన్నది ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన విషయం.

పాటలో ఉన్నది, లేనిది

ముందు పాటను చూద్దాం. అందులో కథ లేదు. ఆమె పేరు లేదు. ఎందుకు విడిపోయారో, తప్పెవరిదో కవి చెప్పడు. కాలమే అన్నిటినీ మరిపిస్తుందని నలుగురూ చెప్పే ఓదార్పును ఆ మనిషి అంగీకరించడు. జ్ఞాపకాలలోనే మిగిలిన జీవితం గడపాలని నిశ్చయించుకుంటాడు. అంతే. వెన్నెల, మలయమారుతం, కోకిల వంటి ఉద్దీపన విభావాలేవీ లేవు. బడి మొహం చూడని మనిషికైనా వినగానే పట్టుబడే మాటలు మాత్రమే ఉన్నాయి.

మన ఆలంకారికులు విప్రలంభ శృంగారాన్ని పూర్వరాగం, మానం, ప్రవాసం, కరుణం అని నాలుగు విధాలుగా విభజించారు. ఎం.ఏ. తరగతుల్లో ఈ పేర్లు మనం వల్లెవేసినవాళ్ళమే. నాలుగింటికీ ఉమ్మడి లక్షణం ఒకటి ఉంది: మళ్ళీ కలుస్తామన్న ఆశ. చివరిదైన కరుణ విప్రలంభంలో సైతం, మరణించిన వ్యక్తి తిరిగి లభిస్తాడన్న ఆశ ఉండాలనీ, అది లేనప్పుడు అది కరుణరసమే అవుతుందనీ లాక్షణికులు నిర్దేశించారు. మనం మాట్లాడుకుంటున్న పాటలో మరణం లేదు, కలుస్తామన్న ఆశా లేదు. అందువల్ల అది ఈ నాలుగు గదులలో దేనిలోనూ ఇమడదు.

ఎందుకు ఇమడదు? కావ్యనాయికకు ఇల్లు ఉంది, ఊరు ఉంది, ప్రవాసానికి పోయిన నాయకుడు తిరిగి వచ్చి నిలబడడానికి ఒక గుమ్మం ఉంది. ఆ గుమ్మం స్థిరంగా ఉన్న సమాజంలోనే విరహానికి ఆశ తోడుంటుంది. పనికోసం ఊరు విడిచి, అక్కడి నుంచి మరో ఊరికి తరలిపోయే మనుషుల సమాజంలో విడిపోయినవారు మళ్ళీ ఎదురుపడడం కాకతాళీయమే. కంట్రీ పాటల్లోని నిరాశకు మూలం ఈ స్థానభ్రంశంలో ఉందని నా అభిప్రాయం.

మిల్లు ఊళ్ళ నేల

గిబ్సన్ 1928లో ఉత్తర కరొలైనా రాష్ట్రంలోని షెల్బీలో పుట్టాడు. అది పత్తి మిల్లుల ప్రాంతం. రైల్వే కార్మికుడైన తండ్రి అతని రెండో ఏటనే చనిపోయాడు. రెండవ తరగతితో చదువు ఆగిపోయింది. గిటారు నేర్చుకుని, చిన్నాచితకా పనులు చేసుకుంటూ, రేడియోలో పాడుతూ టెన్నెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్ చేరాడు.

షెల్బీ ఉన్న క్లీవ్‌లాండ్ కౌంటీని ఆనుకుని గాస్టన్ కౌంటీ ఉంది. గిబ్సన్ పుట్టిన మరుసటి సంవత్సరం, 1929లో, అక్కడి గాస్టోనియాలోని లోరే మిల్లు కార్మికులు సమ్మె చేశారు. సమ్మె చేసినవారిని యాజమాన్యం కంపెనీ ఇళ్ళ నుంచి సామాన్లతో సహా వీధిలోకి నెట్టింది. ఆ పోరాటంలో ఎల్లా మే విగ్గిన్స్ అనే కార్మికురాలు పాత పల్లెపాటల బాణీల్లో సమ్మె పాటలు కట్టి పాడింది. తొమ్మండుగురిని కని నలుగురు బిడ్డలను పోగొట్టుకున్న తల్లి ఆమె. తన యూనియన్ శాఖలో నల్లజాతి కార్మికులను చేర్చుకోవాలని పట్టుబట్టి ఒప్పించింది. 1929 సెప్టెంబర్ 14న, సభకు బయలుదేరిన కార్మికుల లారీపై జరిగిన కాల్పుల్లో నేలకొరిగింది. హంతకులకు శిక్ష పడలేదు.

ఎల్లా మే పాటలలో అత్యంత ప్రసిద్ధమైనది ఒక మిల్లు తల్లి శోకగీతం. తెల్లవారకముందే బిడ్డలను ఇంట్లో వదిలి మిల్లుకు పోయే తల్లి వేదన అందులో వస్తువు. అంటే సమ్మె పాట కూడా ఎడబాటు పాటగానే మొదలైంది. ఎల్లా మే ఆ ఎడబాటుకు కారణాన్ని చూపించి సంఘటితం కమ్మన్నది. గిబ్సన్ కారణాన్ని చెప్పలేదు. వేదనను మాత్రమే చెప్పాడు. ఈ తేడాను తక్కువ చేసి చూపడం నా ఉద్దేశం కాదు. అయితే రెండు పాటలూ ఒకే నేలలో మొలిచాయన్న వాస్తవాన్ని విస్మరించరాదు.

1957లో ఒక మధ్యాహ్నం, నాక్స్‌విల్ సమీపంలోని ట్రైలర్ ఇళ్ళ పేటలో, చక్రాల మీది ఇంట్లో కూర్చుని గిబ్సన్ ఈ పాట రాశాడు. గిబ్సన్ చెప్పుకున్న దాని ప్రకారం, వాయిదాలు కట్టలేకపోతే టెలివిజన్‌నూ ఇల్లు ఊడ్చే యంత్రాన్నీ అమ్మినవాళ్ళు తిరిగి పట్టుకుపోయిన రోజులు అవి. అదే మధ్యాహ్నం 'ఓ లోన్‌సమ్ మీ' అనే మరో పాటనూ రాశాడు. 1958లో ఈ రెండూ ఒకే రికార్డుకు రెండు వైపులుగా వెలువడ్డాయి. వాయిదాల సరుకు పోయిన ఇంట్లో పోయిన ప్రేమను గురించి పాట పుట్టింది. అందులో ఆర్థికం ఒక్క ముక్క లేదు. కాని అన్నీ పోయిన మనిషి గొంతు ఉంది.

రెండు పెట్టెలు

ఇప్పుడు గోడ సంగతికి వద్దాం. అమెరికా దక్షిణాదిలో నల్లజాతి ప్రజలూ పేద తెల్లజాతి ప్రజలూ తరతరాలుగా ఒకరి పాటలు ఒకరు వింటూ, పాడుతూ వచ్చారు. కంట్రీ సంగీతానికి గుర్తుగా చెప్పుకునే బాంజో వాద్యం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన ప్రజల వారసత్వం. ఈ ఉమ్మడి సంపదను రెండు పెట్టెల్లో సర్దినవారు రికార్డు వ్యాపారులు.

1920లో మేమీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్' రికార్డు విపరీతంగా అమ్ముడుపోవడంతో నల్లజాతి కొనుగోలుదారులు ఉన్నారని కంపెనీలు గ్రహించాయి. 1923లో అట్లాంటాలో ఫిడ్లిన్ జాన్ కార్సన్ అనే ఫిడేలు వాద్యకారుడి రికార్డుకు దొరికిన ఆదరణతో పేద తెల్లజాతి కొనుగోలుదారులూ ఉన్నారని తెలిసింది. రెండూ ఓకే కంపెనీ రికార్డులే. మొదటివాటికి 'రేస్' రికార్డులనీ, రెండవవాటికి 'హిల్‌బిల్లీ' రికార్డులనీ పేర్లు వచ్చాయి. మొదటి పేరుకు అర్థం జాతి. రెండవది కొండప్రాంతపు మోటువాడు అనే ఎగతాళి మాట. ఒకరిని వేరుచేస్తూ, మరొకరిని వెక్కిరిస్తూ పెట్టిన పేర్లివి. ఎవరి పాటలు ఎవరు కొనాలో జాబితాలే నిర్ణయించాయి.

ఈ వర్గీకరణకు రూపమిచ్చినవారిలో రాల్ఫ్ పీర్ ముఖ్యుడు. తరువాత విక్టర్ కంపెనీ తరఫున పనిచేసినప్పుడు జీతానికి బదులు పాటల ప్రచురణ హక్కులు తీసుకున్న వ్యాపారి ఇతడు. 1927 వేసవిలో టెన్నెసీ–వర్జీనియా సరిహద్దు పట్టణమైన బ్రిస్టల్‌లో కార్టర్ కుటుంబాన్నీ జిమ్మీ రోజర్స్‌నూ రికార్డు చేశాడు. కంట్రీ సంగీత చరిత్రకు ఇదే ఆది అని చెబుతారు. ఆ ఆదిలోనే నల్లజాతి ప్రజల శ్రమ ఉంది. ఏ.పి. కార్టర్ పాటల సేకరణకు కొండల్లో తిరిగినప్పుడు బాణీలను గుర్తుపెట్టుకున్నది అతని వెంట నడిచిన నల్లజాతి గిటారు వాద్యకారుడు లెస్లీ రిడిల్. హక్కుల కాగితాలపై మాత్రం కార్టర్ పేరే ఉంది. 1930లో జిమ్మీ రోజర్స్ పాడిన ఒక 'బ్లూ యోడెల్' పాటలో ట్రంపెట్ వాయించినవాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. రికార్డు చీటీ మీద ఆ పేరు లేదు. విరహగీతాలకు పేరుపొందిన హాంక్ విలియమ్స్‌కు బాల్యంలో గిటారు నేర్పినవాడు రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధిగాయకుడు. పెట్టెలు రెండైనా లోపలి పాటలు చుట్టాలే.

1949లో బిల్‌బోర్డ్ అనే వ్యాపార పత్రిక తన జాబితాలలో 'రేస్' అన్న మాట తీసివేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అనీ, తెల్లజాతి పల్లెపాటలకు 'కంట్రీ అండ్ వెస్టర్న్' అనీ మర్యాదైన పేర్లు పెట్టింది. పేర్లు మారాయి, పెట్టెలు మారలేదు.

1962

రే చార్ల్స్ 1930లో జార్జియా రాష్ట్రంలో పుట్టి, ఫ్లోరిడాలోని గ్రీన్‌విల్‌లో పెరిగాడు. తల్లి ఇతరుల బట్టలు ఉతికి పోషించింది. ఏడేళ్ళకు చూపు పూర్తిగా పోయింది. సెయింట్ ఆగస్టీన్‌లోని అంధుల పాఠశాలలో చేర్చారు. ఆ పాఠశాలలో కూడా తెల్లజాతి పిల్లలకూ నల్లజాతి పిల్లలకూ వేరువేరు విభాగాలు! రంగులే కనిపించని పిల్లలను రంగును బట్టి వేరుచేసిన వ్యవస్థ అది. అయితే రేడియో తరంగాలకు విభాగాలు లేవు. నాష్‌విల్ నుంచి ప్రసారమయ్యే 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' పల్లెపాటల కార్యక్రమాన్ని ఆ బాలుడు శ్రద్ధగా వినేవాడు. 1940ల చివరలో టాంపాలో ఒక తెల్లజాతి కంట్రీ బృందంలో పియానో కూడా వాయించాడు. కనుక కంట్రీ పాట అతనికి పరాయి సొత్తు కాదు, బాల్యపు సొత్తు.

1959లో ఏబీసీ–పారామౌంట్ సంస్థతో కుదుర్చుకున్న ఒప్పందంలో తన రికార్డుల మూలప్రతులపై హక్కు తనకే ఉండేటట్లు చార్ల్స్ షరతు పెట్టాడు. ఆ కాలంలో తెల్లజాతి గాయకులకు సైతం దుర్లభమైన హక్కు అది. తన శ్రమఫలంపై తనకు యాజమాన్యం ఉండడం వల్లనే, కంట్రీ పాటలతో ఒక సంపుటం చేస్తానని అతడు 1962లో అనగలిగాడు. సంస్థ పెద్దలు సందేహించారు. ఉన్న శ్రోతలు కూడా పోతారని భయపడ్డారు. అతడు వినలేదు. 'మోడరన్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్' పేరుతో 12 పాటల సంపుటం వెలువడింది. అందులో గిబ్సన్ పాట ఒకటి.

ఆ గానపద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. మన బుర్రకథలో కథకుడు చెప్పినదానికి వంతలు బదులు పలుకుతారు. ఇక్కడ క్రమం తలకిందులైంది. నున్నని బృందగానం పల్లవిని అందిస్తుంది. ప్రధాన గాయకుడు వెనుక నుంచి దానిని అందుకుని, విరిచి, సాగదీసి, నల్లజాతి చర్చిల్లో వినిపించే ఆక్రోశంగా మార్చుతాడు. బృందం పాడేది అందరికీ తెలిసిన మాట. అతడు పాడేది ఆ మాటకు చెల్లించిన మూల్యం. గిబ్సన్ రాసిన మాటలు మారలేదు. పాడిన మనిషి మారడంతో 'మానలేకపోతున్నాను' అన్న మాటలో ఓటమికి బదులు మొండితనం వినిపించింది. ఒక పాటకు అర్థం పదాల్లోనే ఉండదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1962 జూన్ 2 నుంచి అయిదు వారాలపాటు ఈ పాట అమెరికా మొత్తానికి మొదటి స్థానంలో నిలిచింది. రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలోనూ అగ్రస్థానం పొందింది. సముద్రం దాటి బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి చేరింది. కాని ఒక జాబితాలో మాత్రం దానికి చోటు దొరకలేదు. అది కంట్రీ జాబితా! కంట్రీ కవి రాసిన కంట్రీ పాట, కంట్రీ అని పేరు పెట్టుకున్న సంపుటం నుంచి వచ్చి, లక్షలాది ఇళ్ళకు చేరి, కంట్రీ రేడియో లెక్కల్లో లేకుండా పోయింది. సంగీతశాఖల మధ్య సరిహద్దు స్వరాలకు సంబంధించినదే అయితే ఇలా జరగడానికి అవకాశం లేదు.

ఆ నెలలోనే జరిగిన మరో సంఘటన గమనార్హం. అంతకు ముందు సంవత్సరం, 1961 మార్చిలో, జార్జియాలోని ఆగస్టాలో చార్ల్స్ కచేరీ ఏర్పాటైంది. నృత్యానికి కేటాయించిన నేల తెల్లజాతివారికి, పై అంతస్తు నల్లజాతివారికి అన్నది అక్కడి నిబంధన. పేన్ కాలేజీ విద్యార్థులు ఈ సంగతి అతనికి తెలియజేశారు. అతడు కచేరీ చేయడానికి నిరాకరించి వెళ్ళిపోయాడు. నిర్వాహకుడు ఒప్పందం ఉల్లంఘించాడని దావా వేశాడు. 1962 జూన్‌లో, అంటే ఈ పాట దేశమంతా మోగుతున్న రోజుల్లోనే, అట్లాంటా న్యాయస్థానం చార్ల్స్‌కు 757 డాలర్లు విధించింది. జార్జియా ప్రభుత్వం అతనిని రాష్ట్రం నుంచే బహిష్కరించిందని 2004 నాటి చలనచిత్రం చూపించింది. అది వాస్తవం కాదు. వాస్తవం ఇంకా చేదుగా ఉంది. బహిష్కారం వంటి నాటకీయ చర్య అవసరమే లేకపోయింది. సాధారణ ఒప్పంద చట్టమే జాతివివక్షకు కాపలా కాసింది. 1963లో అదే ఆగస్టా సభాభవనంలో విభజన లేని ప్రేక్షకుల ముందు అతడు పాడాడు. విద్యార్థులూ ఉద్యమకారులూ చేసిన పోరాటం లేకుండా ఆ తలుపులు తెరుచుకునేవి కావు.

గెలుపు ఎంత, పరిమితి ఎంత

ఇక్కడ ఆగి, పాటే గోడను కూల్చిందని ఆనందపడితే మనం భావవాదంలో పడినట్లే. పరిమితులు చాలా ఉన్నాయి. గిబ్సన్ రికార్డు తయారీని నడిపిన చెట్ ఆట్కిన్స్ వంటివారు ఫిడేలునూ స్టీల్ గిటారునూ పక్కకు నెట్టి, నగరవాసుల చెవికి ఇంపుగా ఉండే నున్నని బాణీని అప్పటికే తయారుచేశారు. 'నాష్‌విల్ సౌండ్' అని దానికి పేరు. చార్ల్స్ రికార్డులోని తంత్రీవాద్యాలూ బృందగానమూ ఆ నునుపు నుంచి పూర్తిగా విముక్తం కాలేదు. మధ్యతరగతి తెల్లజాతి ఇంటికి ఆ పాటను చేర్చినవాటిలో ఆ నునుపు కూడా ఒకటి. వస్తువు పల్లెది, రూపం పట్టణపు బజారుది. ఈ వైరుధ్యం రికార్డులో స్పష్టంగా వినిపిస్తుంది.

ఇక ఒక వ్యక్తి విజయం వ్యవస్థను మార్చలేదు. 1985లో విల్లీ నెల్సన్‌తో కలిసి పాడిన 'సెవెన్ స్పానిష్ ఏంజెల్స్' తోనే చార్ల్స్ కంట్రీ జాబితాలో మొదటి స్థానం చూశాడు. 2004లో చనిపోయాడు. గిబ్సన్‌ను కంట్రీ సంగీత గౌరవశాలలో 2001లో చేర్చుకున్నారు. చార్ల్స్ పేరును ప్రకటించడానికి మరో 20 ఏళ్ళు, 2021 దాకా, ఆగవలసి వచ్చింది. 2019లో లిల్ నాస్ ఎక్స్ అనే నల్లజాతి యువకుడి 'ఓల్డ్ టౌన్ రోడ్'ను, కంట్రీ లక్షణాలు చాలవంటూ బిల్‌బోర్డ్ తన కంట్రీ జాబితా నుంచి తొలగించింది. ఆ పాటే ఆ తరువాత దేశమంతటి జాబితాలో 19 వారాలు మొదటి స్థానంలో ఉంది. 2024లో గాని ఒక నల్లజాతి స్త్రీ, బియాన్సే, కంట్రీ పాటల జాబితాలో అగ్రస్థానం పొందలేదు. రేస్ రికార్డుల పేరు పోయి 70 ఏళ్ళు దాటినా ఆ పెట్టె కొయ్య ఇంకా పుచ్చలేదన్నమాట.

మనం నేర్చుకోవలసినది

ఇది అమెరికాకు మాత్రమే పరిమితమైన వ్యాధి అని మనం తృప్తిపడనక్కరలేదు. శృంగారాన్ని ఎవరు పాడవచ్చు, ఎవరు పాడరాదు అన్న తీర్పులు మన సాహిత్యచరిత్రలోనూ ఉన్నాయి. క్షేత్రయ్య పదాలు ఆదరణ పొందుతూ ఉండగానే, తంజావూరు ఆస్థానపు ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనము అశ్లీలమన్న ముద్రకు గురైంది. ఆ కావ్యాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో సమగ్రంగా ప్రచురించిన తరువాత ప్రభుత్వం నిషేధించింది. నిషేధం తొలగడానికి 1947 వరకు పట్టింది. రాసినదీ ప్రచురించినదీ కళావంతుల స్త్రీలు కావడం ఈ వివాదంలో యాదృచ్ఛికం కాదు. అక్కడ వర్ణం, ఇక్కడ కులమూ లింగమూ. భావం ఒకటే అయినా, పలికిన నోటిని బట్టి దానికి విలువ కట్టారు.

సాహిత్య విద్యార్థులకు నా విజ్ఞప్తి ఇది. ప్రేమపాట ఎదురైనప్పుడు అందులో సందేశం ఉందా లేదా అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. దానిని ఎవరు కట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, హక్కు ఎవరి పేర ఉంది, ఏ పెట్టెలో పెట్టి అమ్మారు, పాడిన సభలో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారు అని కూడా అడగండి. ఈ ప్రశ్నలు అడిగితే అతి సాధారణమైన ఏడుపుపాట కూడా తన కాలం గురించి సాక్ష్యం చెబుతుంది. అడగకపోతే నిప్పులాంటి విప్లవగీతం కూడా ఉత్త నినాదంగానే మిగులుతుంది.

రచయితలకు మరో మాట. ఎల్లా మే పాటనూ గిబ్సన్ పాటనూ వేరువేరు అరల్లో దాచినంతకాలం మనమూ రికార్డు వ్యాపారి పనే చేస్తున్నాం. కష్టజీవి సమ్మెలో పిడికిలి బిగిస్తాడు. రాత్రి ఇంటికి వచ్చి పోయిన మనిషిని తలుచుకుని కన్నీరు పెడతాడు. ఆ పిడికిలీ ఆ కన్నీరూ ఒకే మనిషివి. అతని పోరాటాన్ని మనం రాసుకుని, అతని విరహాన్ని బజారుకు వదిలేస్తే, బజారు దానికి తన పేరు పెట్టి, ధర కట్టి, గోడ కట్టి అమ్ముతుంది. ఆ సగాన్ని కూడా అభ్యుదయ సాహిత్యం తన బాధ్యతగా స్వీకరించవలసి ఉంది.